ఇరవై అంగుళాల గొట్టం, ఏడేళ్ళ జైలు



“నాటు తుపాకీతో గిరిజనుడి అరెస్టు” అనే హెడ్డింగు మనం ఎన్నిసార్లు చదివింటాం! టేబుల్ మీద తుప్పుపట్టిన పొడుగాటి గొట్టం, వెనక ముఖానికి గుడ్డ కట్టిన మనిషి, అటొకరు ఇటొకరు పోలీసులు. కింద నాలుగు లైన్లు. ఆ తుపాకీ ఎందుకు పెట్టుకున్నాడు, లైసెన్సు అడిగితే ఏం జవాబొచ్చింది, అసలు అడగొచ్చని అతనికి ఎవరైనా చెప్పినారా? ఆ నాలుగు లైన్లలో వీటికి చోటుండదు.

నేను తుపాకీని పొగడడానికి ఇది రాయడం లేదు. 1959 ఆయుధాల చట్టంలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది, మనల్ని జైలుకు పంపే ముక్క ఒకటుంది. బేతంచెర్ల చుట్టుపక్కల తండాలకూ, ఎర్రమల అంచు ఊళ్ళకూ, నల్లమల చెంచుగూడేలకూ రెండోది మాత్రమే చేరింది. మొదటిది ఆఫీసు బీరువా దాటి రాలేదు. నా కోపమంతా దాని మీదే.

మొదటి ముక్క 13వ సెక్షన్ మూడో ఉపవిభాగంలో ఉంది. పౌరుడు ఆత్మరక్షణకో క్రీడకో అడిగితే, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి బోరు తుపాకీకి లైసెన్సు “ఇవ్వాలి” అంటుంది. పంట కాపలాకు అడిగితే మూతి నుంచి మందు కూరే తుపాకీకి ఇవ్వాలి. ఆ తుపాకీ పంట కాపాడుకోడానికి సరిపోదని అధికారికి అనిపిస్తే 20 అంగుళాల దానికి ఇవ్వొచ్చు. చూడండి, “దయతలిస్తే ఇవ్వొచ్చు” అని కాదు, “ఇవ్వాలి” అని రాసినారు. కాదనాలంటే 14వ సెక్షన్‌లో ఉన్న కారణాలే చెప్పాలి: మనిషి అనర్హుడనో, ప్రజాశాంతికి భంగమనో. ఆ కారణం కాగితం మీద రాయాలి. అడిగితే మనకూ ఇవ్వాలి, ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పకూడదనుకుంటే తప్ప. దాని మీద 18వ సెక్షన్ కింద అప్పీలు కూడా ఉంది.

అదే 14వ సెక్షన్‌లో ఇంకో వాక్యముంది. ప్రతి తండా గోడ మీదా రాయాల్సిన వాక్యమది. తగినంత ఆస్తి లేదనే ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు.

మరి జరిగేదేంది? మా పక్క ఊరి పెద్దాయన బుడ్డల చేనును అడవిపందులు దున్నిపోతుంటే ఒక ఆఫీసుకు దరఖాస్తు పట్టుకొని పోయినాడు. నేనూ వెంట పోయినా. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న “ఎన్ని ఎకరాలు?” రెండోది “పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది?” మూడోది నవ్వు. దరఖాస్తు తీసుకోలేదు, తీసుకోలేదని రాసివ్వనూ లేదు. ఆ చేను వాళ్ళ నాయన కాలం నుంచి సాగులోనే ఉంది, పట్టానే లేదు. మనలో ఎంతమందికి ఇదే కథో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రెండో ముక్క. 6వ సెక్షన్: లైసెన్సు లేకుండా తుపాకీ గొట్టం పొట్టి చేయకూడదు, బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చకూడదు. 5వ సెక్షన్: లైసెన్సు లేకుండా తుపాకీ చేయకూడదు, అమ్మకూడదు, రిపేరు కూడా చేయకూడదు. ఈ నేరాలకు 25వ సెక్షన్ కింద మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా శిక్ష ఉండేది. 2019 డిసెంబరులో దాన్ని ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా పెంచినారు.

గొట్టం పొడుగు మీద చట్టం ఎందుకుంది? ప్రపంచమంతా ఒకటే కారణం. పొట్టి తుపాకీని చొక్కా కింద దాచుకోవచ్చు, సంచిలో పెట్టుకొని బజారుకు పోవచ్చు. అమెరికాలో 18 అంగుళాల గీత, బ్రిటన్‌లో 24, మన దగ్గర లైసెన్సుకు 20. గీత గీయడం తప్పని నేను అనను. మన రాయలసీమలో పొట్టి నాటు తుపాకులు, నాటుబాంబులు ఎవరి చేతుల్లో తిరిగినాయో, ఎవరి మనుషుల్ని చంపినాయో సీమలో పుట్టిన ఎవరికైనా తెలుసు. అవి గూడేల్లోంచి రాలేదు.

కానీ మన ముసలాయన తుపాకీ మనిషి ఛాతీ దాకా ఉంటుంది. దాన్ని దాచాలంటే వాసాల్లో దూర్చాల్సిందే. ఆ గొట్టం మూతి కాలిపోయి చీలితే ఊరి కమ్మరి నాలుగు వేళ్ళంత కోసి, ఆకురాయితో నున్నగా చేసి ఇస్తాడు. చట్టం దృష్టిలో గొట్టం పొట్టి చేసినట్టే. ఎంత పొడుగు మిగిలిందని 6వ సెక్షన్ అడగదు. దోపిడీ కోసం జానెడు మిగిల్చి కోసినోడూ, చీలిన మూతి కోసిన కమ్మరీ ఒకే సెక్షన్ కింద నిలబడతారు, ఏడేళ్ళతో మొదలు. కనీస శిక్ష చట్టంలోనే ఉంది కాబట్టి జడ్జికి జాలి కలిగినా చేసేది తక్కువ.

సరే, పాత నాటు తుపాకీని ఇప్పుడు రిజిస్టర్ చేయించుకుందామంటే? దారి లేదు. అమెరికాలో పొట్టి గొట్టం తుపాకీ చేసుకోవాలన్నా ఫారం నింపి, ముందే అనుమతి తీసుకొని నమోదు చేసుకునే పద్ధతి ఉంది. 200 డాలర్ల పన్ను ఉండేది, 2026 జనవరి నుంచి అదీ సున్నా చేసినారు. మన చట్టం మాత్రం తుపాకీ మీద తయారీదారు పేరో నంబరో ఉండాలంటుంది. 8వ సెక్షన్ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు: నంబరు లేని తుపాకీ నీ దగ్గరుంటే ఆ నంబరు నువ్వే చెరిపినావని అనుకుంటారు, కాదని నువ్వే రుజువు చేసుకోవాలి. ఎన్నడూ కొట్టని నంబరును చెరపలేదని ఎట్లా రుజువు చేసేది?

2019 సవరణలో ఇంకో సంగతి జరిగింది. ఒక మనిషి మూడు లైసెన్సు తుపాకులు పెట్టుకోవచ్చని అంతకుముందు ఉండేది. దాన్ని ఒకటికి తగ్గిస్తామని బిల్లు తెచ్చినారు. తుపాకులున్న కుటుంబాల తరఫున అభ్యంతరాలొచ్చినాయి. ప్రభుత్వం విని రెండు చేసింది. మూడు తుపాకులున్నోడి మాట విన్న అదే చట్టం, ఒక ఇనుప పైపు కోసినోడి శిక్షను యావజ్జీవం దాకా పెంచింది.

ఇక్కడ మన పిల్లలు కొందరు కొడగు సంగతి ఎత్తుతారు. నిజమే. కర్ణాటక కొడగులో కొడవలకూ, జమ్మా భూములున్నోళ్ళకూ లైసెన్సు అవసరం లేదని బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సరేనంది. వాళ్ళ మీద నాకు ఏ పగా లేదు. కానీ ఆ మినహాయింపు వెనక ఏముందో చూడండి. బ్రిటిష్ వాడు కొందరికి “యోధజాతి” అని పేరు పెట్టి తుపాకీ వదిలేసినాడు. ఇంకొందరికి “నేరస్థ జాతి” అని పేరు పెట్టి రోజూ హాజరు వేయించినాడు. ఎరుకలోళ్ళను తోలి పెట్టిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు మన రాష్ట్రంలోనే ఉంది. నేరస్థ జాతుల చట్టం 1952లో పోయింది, స్టేషన్లో మన పేరు వినగానే ఎగిరే కనుబొమ్మ మాత్రం పోలేదు. అందుకే “మాకూ జాతిని చూసి మినహాయింపు ఇవ్వండి” అనే డిమాండుకు నేను ఒప్పుకోను. జాతి పేరు మీద ఇచ్చేదాన్ని జాతి పేరు మీదే గుంజుకుంటారు.

అడవి ప్రేమికులు అడుగుతారు: తుపాకీ ఇస్తే జంతువుల గతేంటని. న్యాయమైన ప్రశ్నే. తుపాకీ లైసెన్సు వేట లైసెన్సు కాదు. పంటను పాడుచేసే పందిని కాల్చాలన్నా 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద వేరే అనుమతి కావాలి. అభయారణ్యానికి పది కిలోమీటర్లలోపు కొత్త తుపాకీ లైసెన్సుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. అంటే నల్లమల అంచున ఆత్మకూరు వైపు గూడేలకు దారి ఇంకా ఇరుకు. అదే చట్టం “ఆయుధం” లెక్కలో తుపాకీ పక్కనే విల్లు, బాణం, కత్తి, వలను కూడా రాసుకుంది, చెంచు అన్న భుజాన విల్లు చూసి గార్డు ఎందుకు ఆపుతాడో ఇప్పుడు అర్థమైందా? ఇన్ని తలుపులు మూసినాక రైతు ఏం చేస్తున్నాడు? చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నాడు. ఆ తీగకు పంది, చిరుత, పక్క చేని మనిషి అనే తేడా తెలియదు. కేరళలో 2022లో పందుల్ని కాల్పించే అధికారం స్థానిక సంస్థల పెద్దలకిచ్చి, విషం, కరెంటు వద్దని గీత గీసినారు. అది పూర్తిగా మంచిదని అనను కానీ, కనీసం ఎవరిని అడగాలో ఊరి మనిషికి తెలుస్తుంది. మన సీమలో ఐదో షెడ్యూల్ ప్రాంతమే లేదు, పెసా గ్రామసభ లేదు. అడగడానికి ఊళ్ళో మనకు ఇల్లే లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ ఒక మాట. తుపాకీ పట్టుకొని రీల్స్ చేయొద్దు. అది లైకులు తెస్తుందో లేదో గాని కేసులో సాక్ష్యమవుతుంది. ఎయిర్‌గన్ కొని స్ప్రింగు మార్చొద్దు. బోరు 0.177 అంగుళాలు దాటినా, బలం 20 జౌళ్ళు దాటినా అదీ లైసెన్సు కిందికే వస్తుంది. తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉంటే కోయొద్దు, అమ్మొద్దు, బాయిలో పడేయొద్దు. ముందు వకీలుతో మాట్లాడండి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది, కోర్టు ఆవరణలో న్యాయసేవల ఆఫీసులో అడగండి.

ఎవరి మీదైనా కేసు పడితే పంచనామా కాపీ చూడండి. గొట్టం పొడుగు రాసినారా? మూతి నుంచి, మందు పేలే చోటు దాకా కొలవాలని 2వ సెక్షనే చెప్తుంది. అది పేలే స్థితిలో ఉందని నిపుణుడు తేల్చినాడా? లైసెన్సు లేకుండా పెట్టుకున్నాడనే 3వ సెక్షన్ కేసుకు కలెక్టర్ ముందస్తు అనుమతి 39వ సెక్షన్ ప్రకారం తీసుకున్నారా? ఈ మూడూ అడగండి.

మన డిమాండ్లు రెండే. పంట కాపలా దరఖాస్తు ఇస్తే రసీదు ఇవ్వాలి, కాదంటే కారణం రాసివ్వాలి. పాత నాటు తుపాకుల్ని కేసు లేకుండా అప్పజెప్పేందుకు 41వ సెక్షన్ కింద కేంద్రం ఒక గడువు ప్రకటించాలి, అప్పజెప్పిన రైతుకు పంట నష్టపరిహారంలోనూ లైసెన్సులోనూ ముందు వరుస ఇవ్వాలి. కొడగుకు వాడిన సెక్షన్ అదే.

వచ్చే సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో అర్జీల రోజు. పొద్దున ఏడింటికి బేతంచెర్ల బస్టాండ్ దగ్గర కలుద్దాం. ఆధార్, కుల పత్రం, పందులు తొక్కిన చేని ఫోటో తెచ్చుకోండి. ఫారాలు మేం నింపుతాం. చేను కాగితం ఉంటే తేండి, లేకపోయినా రండి.