కొత్త బ్యారెల్‌కు ‘బ్రేక్-ఇన్’ కావాలా?

కొత్త రోలు ఇంటికొస్తే ముందు పిడికెడు నూకలేసి రుబ్బి పారేస్తాం. కొత్త పెనానికి నూనె పట్టిస్తాం. హుమ్నాబాద్‌లో స్థిరపడి తరాలైనా మా ఇళ్ళల్లో ఈ పద్ధతి పోలేదు. అందుకే లైసెన్సు మీద కొత్త .315 రైఫిల్ తీసుకున్న మనవాళ్ళు, “దీన్ని కూడా వాడకానికి తేవాలి కదా” అంటుంటారు. ఒక తూటా కాల్చి, బ్యారెల్ తుడిచి, మళ్ళీ ఒకటి కాల్చి, మళ్ళీ తుడిచి, ఇట్లా ఇరవై దాకా పోవాలట. మా మాట ఒక్కటే: అంత తంతు అక్కర్లేదు.

రోలులో రాతిపొడి ఉంటుంది, అది పోవాలి. మరి బ్యారెల్‌లో పోవాల్సింది ఏముంది? తూటా కూర్చునే గదిని రీమర్‌తో తొలుస్తారు. గుండు మరలోకి దిగే ఆ గొంతు దగ్గర పనిముట్టు గీతలు అడ్డంగా మిగులుతాయి. అవి గుండు మీది రాగిని గీరితే, ఆ రాగి ముందుకు పోయి బ్యారెల్‌కు అంటుకుంటుంది. మొదటి కొన్ని తూటాలతో ఆ గొంతు నునుపవుతుంది. మధ్యమధ్య తుడవమనేది ఆ రాగి పేరుకోకుండా ఉండటానికే. అమెరికాలో క్రీగర్ వంటి తయారీదారులు చెప్పే కారణం ఇదే. అక్కడే బ్యారెళ్ళు చేసి పేరు తెచ్చుకున్న గేల్ మెక్‌మిలన్ మాత్రం ఈ తంతునే కొట్టిపారేశాడు. బ్యారెల్ ఆయుష్షు లెక్కలోదే, ఊరికే కాల్చిన ప్రతి తూటా అందులోంచి పోయేదే అని ఆయన వాదన.

మనకు ఇంకో లెక్క కూడా ఉంది. మన దగ్గర ఏడాదికి ఎన్ని తూటాలు కొనాలో, ఒకసారి ఎన్ని దగ్గర పెట్టుకోవాలో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఇరవై తూటాలు తంతుకే పోతే, గురి సరిచూసుకోవడానికి ఏం మిగుల్తాయి? గుండు ఎక్కడ తగుల్తుందో తెలియని రైఫిల్ ఎంత నునుపైన బ్యారెల్ ఉన్నా ప్రమాదమే. కంది చేను ఏపుగా పెరిగితే అవతల మనిషున్నాడో గొడ్డుందో కనబడదు.

కాబట్టి చేయాల్సింది ఇంతే. కాల్చకముందే ఫ్యాక్టరీ గ్రీజు పూర్తిగా తుడిచేయండి, లోపల గుడ్డపేలిక మిగల్లేదని వెలుతురులో చూడండి. .315కు బోల్ట్ ఊడి వస్తుంది గనుక కడ్డీని వెనకనుంచే పెట్టండి. మూతి అంచు అరిగితే గురి పోతుంది. సర్కారు షూటింగ్ రేంజిలో గానీ అనుమతి ఉన్న రేంజిలో గానీ నాలుగైదు తూటాలు కాల్చాక ఒకసారి రాగి పోయే మందుతో శుభ్రం చేసి, మిగతావి గురికి వాడండి. పన్నెండు బోరు తుపాకికి లోపల మరలే ఉండవు, దానికి ఈ గొడవే లేదు.

పాతకాలంలో .303 కాల్చాక బ్యారెల్‌లో మరిగే నీళ్ళు పోసేవారు. ఆ రోజుల ప్రైమర్ వదిలే ఉప్పు తుప్పు పట్టిస్తుంది గనుక. అది కారణమున్న పద్ధతి. పెద్దల నుంచి మనం నేర్వాల్సింది ఆ కారణం అడిగే బుద్ధి. వానాకాలంలో నూనె గుడ్డతో తుడవని రైఫిల్‌ను ఏ బ్రేక్-ఇన్ కాపాడదు.