నులిపురుగుల లెక్క లేని మట్టి పరీక్ష

అనంతపురం: దానిమ్మ చెట్టు పసుపుబారి వాడిపోతే ఈ జిల్లా రైతుకు మొదట తోచేది నీటి ఎద్దడే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే చోట అలా అనుకోవడంలో వింత లేదు. డ్రిప్పు గంటలు పెంచుతారు. మరో మూట ఎరువు వేస్తారు. అయినా చెట్టు తేరుకోకపోతే వేళ్లు తవ్వి చూడాలి. వేళ్ల మీద బుడిపెలుంటే అది నులిపురుగుల పనే. బుడిపెలు కట్టిన వేరు నీటిని సరిగా పీల్చలేదు. అప్పుచేసి వేసిన బోరు నీరు అలా వృథా అవుతుంది.

మామూలు మట్టి పరీక్షలో ఈ పురుగు జాడ తెలియదు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన భూసార కార్డులో 12 అంశాలున్నాయి. పోషకాలు, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం వీటిలోనివి. నేలలో బతికే జీవుల లెక్క మాత్రం లేదు. పైగా ఆ పరీక్షకు మట్టిని నీడన ఆరబెట్టాలి. నులిపురుగుల పరీక్షకైతే వేరు చుట్టూ ఉన్న తడి మట్టినే పీచు వేళ్లతో సహా ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఎండ తగలకుండా పంపాలి. ఒకే నమూనా రెండింటికీ పనికిరాదు.

నులిపురుగులన్నీ శత్రువులు కావు. వేరును గుచ్చి రసం పీల్చేవి కొన్నే. బ్యాక్టీరియాను, బూజును తిని స్వేచ్ఛగా బతికేవి అనేకం. బ్యాక్టీరియాను తినేవి మిగులు నత్రజనిని పంటకు అందే రూపంలో వదులుతాయి. వీటిలో కొన్ని నేల ఎండితే చుట్టచుట్టుకుని చచ్చినట్లు పడి ఉంటాయి, పదును తగలగానే కదులుతాయి. విచక్షణ లేకుండా గుళికల మందు చల్లితే ఇవీ నశిస్తాయి. అందుకే ఏ రకం ఎంత ఉందో తెలియాలి.

ఇలాంటి నమోదు సముద్రపు ఇసుకలో అరవై ఏళ్ల కిందటే మొదలైంది. బంగాళాఖాతపు నులిపురుగులపై ఢాకాలో పనిచేసిన ఆర్.డబ్ల్యు. టిమ్ 1961లో పరిశోధన ప్రచురించారు. వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల నడుమ బతికే చిన్న జీవులపై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, జి.సి. రావు 1962లో ప్రచురించారు. పాత జాబితా ఉంటేనే కాలుష్యం వల్ల ఏ రకం తగ్గిందో తేల్చవచ్చు.

పురుగును గుర్తించడం వల్ల కలిగే మేలు రాయలసీమకు తెలియనిది కాదు. 1975-76లో శ్రీకాళహస్తి ప్రాంతంలో వేరుశనగ కాయలు నల్లబారి, గిడసబారాయి. దానికి 'కాళహస్తి తెగులు' అని పేరు పడింది. కారణం ఒక రకం నులిపురుగని పరిశోధకులు 1984లో వెల్లడించారు. ఆ తర్వాతే దానిని తట్టుకునే తిరుపతి-3 రకం వచ్చింది.

జిల్లాలోని మట్టి పరీక్ష కేంద్రాలలో నులిపురుగుల లెక్క కూడా చేపట్టవలసిన అవసరం ఉంది. కొత్త తోట వేసే ముందు పొలం మట్టితోపాటు నర్సరీ మొక్క సంచిలోని మట్టినీ పరీక్షించాలి. ఆ మట్టితో కూడా పురుగు తోటలోకి వస్తుంది. ఒకసారి వచ్చాక వేపపిండి వేసినా, సాళ్ల మధ్య బంతి నాటినా ఉధృతి తగ్గుతుందే తప్ప పురుగు పూర్తిగా పోదు.