అమ్మ తర్వాత ఎవరు?

కళింగపట్నం వెళ్లినవాళ్లు లైట్‌హౌస్ చూస్తారు, వంశధార సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడతారు, వచ్చేస్తారు. నేనూ అందుకే వెళ్లాను. ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఓ పెద్దావిడ మాటల్లోకి దింపింది. పక్కనే కొడుకు. నలభై ఏళ్లొచ్చినా చిన్నపిల్లాడి బుద్ధే. గవ్వలు ఏరుకుంటున్నాడు.

‘‘నాను పోతే ఈడినెవుడు సూత్తాడు బావూ?’’ అందావిడ.

‘అన్నని నేను చూసుకుంటాలే’ అని చిన్నకొడుకు మాటిచ్చాడట. కానీ అతనుండేది గుజరాత్‌లోని వెరావల్‌లో, బోటు మీద. 2018లో అలా వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కి ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. అతని మాటను శంకించడం లేదు. సముద్రాన్నే నమ్మలేం.

మరి కూతురో? శ్రీకాకుళంలోనే ఉంది. పదిహేను రోజులకోసారి వచ్చి అన్నకు గోళ్లు తీసి, తలంటి వెళ్తుంది. ‘‘ఆడపిల్లనేటడుగుతాం, అత్తోరింటికిచ్చేసినాక!’’ అని కొట్టిపారేసిందావిడ. మన ఇళ్లలో ఇదో వింత. చేసేది కూతురు, అడిగేది కొడుకుని.

అతనికి దివ్యాంగుల పింఛను అతని పేరునే వస్తోంది. 2024 జులై నుంచి నెలకు రూ.6 వేలు. తల్లి పోయినా అది ఆగదు. దాన్ని అతని కోసమే ఖర్చుపెట్టే మనిషి ఎవరన్నదే సమస్య. పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో అతను మేజరు. కన్నతల్లికైనా అతని తరఫున సంతకం పెట్టే హక్కు దానంతటదే రాదు. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించి వైకల్యాలున్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ సంరక్షకుల్ని నియమిస్తుంది. తల్లే దరఖాస్తు పెట్టి, కూతుర్ని నియమించమని కోరవచ్చు. సంరక్షకులు ఆరు నెలల్లోగా ఆస్తి వివరాలివ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. నిర్లక్ష్యం చేస్తే కమిటీ తొలగిస్తుంది. ‘సొంతవాళ్ల మధ్య లెక్కలేమిటి’ అనుకోకండి, రేపు నిందపడకుండా ఆ చెల్లెల్నీ కాపాడేది ఆ లెక్కే.

ఆవిడ ఇల్లు పెద్దాడి పేరున రాసేద్దామనుకుంటోంది. నాకైతే భయమేసింది. ఎవరైనా తాయిలం పెట్టి వేలిముద్ర వేయించుకుంటే? అతను బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండేలా, ఆ తర్వాత చూసుకున్నవాళ్లకు చెందేలా ఇద్దరు సాక్షులతో వీలునామా రాయించడం నయం. ఊళ్లో ఎవర్నో కాకుండా వకీలునే అడగమన్నాను.

ఇంకో పని డబ్బులేకుండా అయ్యేది. ఓ నోటుపుస్తకంలో అతని సంగతులు రాయించడం. ఫిట్స్ మాత్ర ఏ పూట, ఎంత, టపాసులంటే భయం, చేపముల్లు తీసి పెడితేనే తింటాడు, సాయంత్రం ఒడ్డుకు తీసుకెళ్లకపోతే నిద్రపోడు... చెబుతూ చెబుతూ ఆవిడే ఆశ్చర్యపోయింది, ఇన్ని ఉన్నాయా అని.

వేసవిలో వేట ఆగాక చిన్నోడు ఊరొస్తాడట. కూతుర్నీ ఆ రోజే రమ్మంటానంది.