పాత పేజీకి కొత్త సంగతి ఎవరు చెప్పాలి?

‘‘ఒరేయ్ అబ్బాయ్, కందికి ఎండోసల్ఫాన్ కొట్టమని నేను 2013లో చెప్పానా?’’

ఫోనెత్తగానే బాబాయ్‌గారు అడిగిన మొదటి మాట అది. పలకరింపు లేదు, కాఫీ తాగావా అన్న ప్రశ్న లేదు. ఆయన మా నాన్నగారి స్నేహితులు. వ్యవసాయశాఖలో ముప్ఫై ఏళ్లు ఊరూరా తిరిగి రిటైరైన మనిషి. ఏ పొలంలో ఏ పురుగు చూసినా, ఏ రైతు ఏ చిట్కా చెప్పినా ఇంటికొచ్చి లెడ్జరు పుస్తకంలో రాసుకునేవారు. అలాంటి పుస్తకాలు పదకొండున్నాయి. వాటన్నిటినీ ఓ వెబ్‌సైటుగా పెడితే నలుగురికీ పనికొస్తాయని 2013లో ఆయన్ని ఒప్పించిందీ, దగ్గరుండి పెట్టించిందీ నేనే.

జరిగిందేమిటంటే, ఎవరో కుర్రాడు కందిలో కాయతొలుచు పురుగు గురించి ఫోన్లో వెతికాడు. మా సైటు దొరికింది. అందులో ఉన్న మందు పేరు చీటీ మీద రాసుకుని ఎరువుల కొట్టుకు వెళ్లాడు. కొట్టాయన నవ్వి, ‘‘బాబూ, దీన్ని ఎప్పుడో ఆపేశారు’’ అన్నాడట. కుర్రాడికి చిన్నతనమైంది. సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ‘‘సార్, మీరే రాశారు కదా’’ అన్నాడు.

నిజమే, రాశారు. కానీ రాసింది 1989లో. అప్పట్లో ఆ మందును అందరూ వాడేవారు. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దేశమంతటా దాని తయారీ, అమ్మకం, వాడకం ఆపేయమంది. కేరళలోని కాసరగోడ్ జీడిమామిడి తోటలపై ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో చల్లిన ఆ మందు, అక్కడి పల్లెలకు ఏం మిగిల్చిందో అప్పటికే దేశమంతా చూసింది. బాబాయ్‌గారు ఆ సంగతి కూడా రాశారు. తొమ్మిదో పుస్తకంలో మూడు పేజీలు! అదీ మా సైటులోనే ఉంది. ఎక్కడో ఓ మూల ఉంది. ఆ కుర్రాడు తెరిచిన పేజీలో మాత్రం దాని ఊసే లేదు. పైగా పేజీ నెత్తిన ‘2013’ అని తేదీ. అది మేం టైపు చేయించిన తేదీ.

మర్నాడు వాళ్లింటికి వెళ్లి అసలు లెడ్జరు తీయించాను. 1989 నాటి పేజీ మార్జిన్లో ఎర్ర సిరాతో, కాస్త వణికిన చేతిరాతతో ఇలా ఉంది: ‘వాడరాదు. 9వ పుస్తకం 64వ పేజీ చూడు’. గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ ఎర్ర సిరా రాతల్ని వదిలేసి టైపు చేయమని డీటీపీ అమ్మాయికి చెప్పింది నేనే. పేజీ గజిబిజిగా కనిపిస్తుందని! కొట్టాయన మంచివాడు కాబట్టి సరిపోయింది. ఎక్కడో అడుగున మిగిలిపోయిన డబ్బా చేతిలో పెట్టి పంపి ఉంటే?

సరే, ఇక కంప్యూటరు సంగతికి వద్దాం. ఈ సైట్లన్నిటి వెనకా కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని ఒకటుంటుంది. వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపాల్... ఇలా పేర్లు వేరు. పని మాత్రం ఒకటే. మనం రాసిన వ్యాసాన్ని పేజీలాగా దాచదది. శీర్షిక ఒక అరలో, విషయం ఒక అరలో, తేదీ ఇంకో అరలో పెట్టుకుంటుంది. ఎవరైనా అడిగినప్పుడు అప్పటికప్పుడు పేజీ కూర్చి చూపిస్తుంది. మేం వాడింది డ్రూపాల్. బెల్జియంలో చదువుకుంటున్న డ్రీస్ బైటార్ట్ అనే కుర్రాడు మొదలుపెట్టి 2001లో లోకానికి వదిలిన సాఫ్ట్‌వేరు. ఇలాంటి వాటిలో ఒక వ్యాసం పక్కన దానికి సంబంధించినవి చూపించడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఆ మూడింటిలోనూ నేను బోల్తా పడ్డాను.

మొదటిది చీటీలు అంటించడం. ఇది ‘మిరప’, అది ‘కంది’ అని. ఒకే చీటీ ఉన్నవన్నీ ఒకచోట చేరతాయి. వినడానికి బాగుంటుంది. కానీ చీటీ రాసే చేతులు నాలుగైతే పేర్లు పది అవుతాయి. మా దగ్గర వేరుశనగకు ఒకరు ‘వేరుసెనగ’ అని, ఇంకొకరు ‘పల్లీ’ అని అంటించారు. రాయలసీమ నుంచి వచ్చిన ఉత్తరాలకు ‘చెనక్కాయ’, ‘బుడ్డలు’ అని కూడా పడ్డాయి. మనిషికి అన్నీ ఒకటే గింజ. యంత్రానికి అయిదు పంటలు.

మనవాడే ఒకాయన ఈ చిక్కుకు తొంభై ఏళ్ల కిందటే దారి చూపించాడు. ఎస్.ఆర్. రంగనాథన్. లెక్కల మాస్టారుగా పనిచేస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి అధిపతి అయ్యాడు. ఒక పుస్తకాన్ని ఒకే అరలో కుదించకూడదు, దాన్ని అనేక ముఖాల నుంచి చూడాలి అన్నాడు. లండన్లో ఓ దుకాణంలో పిల్లల మెకానో బొమ్మ చూసినప్పుడు ఈ ఆలోచన తట్టిందంటారు. ముక్కలు అవే, ఎలా కావాలంటే అలా బిగించుకోవచ్చు. 1933లో వచ్చిన ఆయన కోలన్ వర్గీకరణకు పునాది అదే. మేమూ చివరికి ఆ దారే పట్టాం. పంట ఒక ముఖం, పురుగు లేదా తెగులు ఒకటి, ప్రాంతం ఒకటి, కాలం ఒకటి. ఒక్కో ముఖానికి ఖాయమైన పేర్ల జాబితా, దాని కింద వాడుక పేర్లు. టైపు చేసేవాళ్లు కొత్త పేర్లు పుట్టించకూడదు, జాబితాలోంచే ఎంచుకోవాలి. మొదట్లో విసుక్కున్నారు గానీ, నెల తిరిగేసరికి అలవాటైంది.

రెండో దారి యంత్రానికే వదిలేయడం. వ్యాసంలో మాటల్ని లెక్కపెట్టి, ఏ రెండిట్లో ఒకే రకం మాటలు ఎక్కువున్నాయో చూసి పక్కపక్కన పెడుతుంది. అన్నిచోట్లా కనిపించే ‘పొలం’, ‘రైతు’ లాంటి మాటలకు విలువ తక్కువ. అరుదుగా వచ్చే మాటకు విలువ ఎక్కువ. ఈ సూత్రం 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు చెప్పింది. ఎంతో తెలివైన సూత్రం. ఈనాటికీ వెతుకులాట యంత్రాల్లో దాని పోలిక కనిపిస్తుంది.

మన తెలుగు దగ్గరకొచ్చేసరికి అది తడబడింది. ‘మిరప’, ‘మిరపలో’, ‘మిరపకు’, ‘మిరపపైన’ దాని లెక్కలో నాలుగు వేర్వేరు మాటలు. అది పోనిద్దాం. మిరపలో పైముడత తెచ్చే తామర పురుగు గురించి బాబాయ్‌గారి వ్యాసం ఒకటుంది. దాని కింద యంత్రం ఎంచి చూపించినవి ఏమిటనుకున్నారు? ‘చెరువులో తామర తీగ తొలగించడం’ ఒకటి. ‘దూడలకు తామర సోకితే’ రెండోది! బాబాయ్‌గారు చూసి పడీపడీ నవ్వారు. ‘‘పువ్వూ, పురుగూ, గజ్జీ... మూడూ ఒక ఇంటివేరా’’ అన్నారు. తామర పురుగును పట్టే నీలం జిగురు అట్టల గురించి ఆయన రాసిన మరో వ్యాసం మాత్రం ఆ జాబితాలో లేదు. అందులో ‘తామర’ అన్న మాట ఒక్కసారే వచ్చింది మరి.

ఇప్పుడు కొత్తరకం యంత్రాలొచ్చాయి. అవి మాటల్ని కాక భావాన్ని పోల్చి చూస్తాయి. పువ్వుకూ పురుగుకూ తేడా ఇట్టే పట్టేస్తాయి, నేనే చూశాను. అయినా మా కష్టం అక్కడితో తీరలేదు. ‘కందికి ఈ మందు వాడండి’ అన్న పేజీ, ‘కందికి ఈ మందు వాడకండి’ అన్న పేజీ... రెండింటికీ తేడా ఒక్క ‘క’. పంట ఒకటే, పురుగు ఒకటే, మందు ఒకటే. పోలికల్లో అంత దగ్గరివి ఇంకేం ఉంటాయి? యంత్రం మహా అయితే రెండింటినీ పక్కపక్కన నిలబెడుతుంది. కానీ ఒకటి ఇంకోదాన్ని కొట్టేసిందన్న సంగతి పోలికలోంచి పుట్టదు. అది తెలిసినవాడెవడో చెప్పాలి. బాబాయ్‌గారు ఎర్ర సిరాతో చెప్పింది అదే.

కాబట్టి మూడో దారి, చేత్తో కట్టే ముడి. ఫలానా వ్యాసానికి ఫలానాది సంబంధించినది అని రాసేటప్పుడే గుర్తు పెట్టడం. డ్రూపాల్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక అర ఉంటుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది, అనుభవిస్తేగానీ తెలియలేదు. ఈ ముడి ఒకవైపే. కొత్త వ్యాసం రాసేటప్పుడు పాతది మనకు గుర్తుంటుంది, ముడి వేస్తాం. పాత వ్యాసం రాసిన రోజున కొత్తది పుట్టనే లేదు, దానికెలా తెలుస్తుంది? దాంతో 2011 నాటి హెచ్చరిక తెరిస్తే 1989 వ్యాసం కనిపిస్తుంది. 1989 వ్యాసం తెరిచినవాడికి మాత్రం హెచ్చరిక కనపడదు. గూగుల్లోంచి నేరుగా వచ్చేవాడు వాలేది పాత పేజీ మీదే కదా! హెచ్చరిక అవసరం లేనివాడికి అందుతోంది, ఉన్నవాడికి అందడం లేదు.

దీనికి మందు ఉంది. డ్రూపాల్లో వ్యూస్ అని ఒక పనిముట్టు ఉంది. ఒకప్పుడు విడిగా తెచ్చి తగిలించుకునేవాళ్లం, 2015లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచి అందులోనే కలిసి వస్తోంది. ‘ఈ పేజీ ఎవరెవర్ని చూపిస్తోంది’ అనే కాదు, ‘ఈ పేజీని ఎవరెవరు చూపిస్తున్నారు’ అని కూడా అడిగి తెప్పించుకోవచ్చు దాంతో. ఒకసారి ముడి వేస్తే రెండు కొసలా కనిపిస్తుంది. ఆ ఒక్క అమరిక చేయడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. పదేళ్లుగా చేయకపోవడానికి కారణం బద్ధకం తప్ప ఇంకేమీ కాదు.

ముడికి ఒక పేరు కూడా ఉండాలన్నారు బాబాయ్‌గారు. ‘సంబంధించినవి’ అంటే చాలదట. ‘‘అల్లుడూ సంబంధమే, అప్పులవాడూ సంబంధమే’’ అని ఆయన వాదన. ముగ్గురం కూర్చుని, అంటే ఆయనా, పిన్నిగారూ, నేనూ, మూడు రకాలు ఖాయం చేశాం. ‘దీన్ని రద్దు చేసింది’, ‘దీనికి తోడుగా చూడండి’, ‘పేరొకటే, సంగతి వేరు’. ఆ మూడోది ఎందుకంటే, 2021లో తెలుగు నేల మీద మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఉందే, అది పాత తామర పురుగు లాంటిది కాదు. పూలల్లో గుంపులుగా చేరుతుంది. పాత వ్యాసం చదివి ఆకు ముడత కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాడికి పూత రాలిపోయాక గానీ తెలియదు. ఇది పిన్నిగారు చెప్పిన మాట. మా చర్చలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట కూడా.

రద్దు సంగతి పేజీ పైనే, వ్యాసం మొదలుకాక ముందే, ఎర్ర గీతల మధ్య కనిపించేలా పెట్టాం. కిందపెడితే ఫోన్లో అంతవరకు వెళ్లేదెవరు? పాత వ్యాసాన్ని తీసేయొచ్చు కదా అని కొందరన్నారు. బాబాయ్‌గారు ఒప్పుకోలేదు. తీసేస్తే తాను అలా చెప్పిన సంగతీ, తర్వాత మార్చుకున్న సంగతీ రెండూ పోతాయన్నారు. తేదీల్లో కూడా ‘రాసింది’, ‘సైటులో పెట్టింది’ అని రెండు అరలు చేశాం.

తోడుగా చూపించేవి మూడుకు మించకూడదన్నది మాత్రం నా పట్టు. పెద్ద పెద్ద సైట్లలో ‘ఇవీ చదవండి’ అంటూ ఇరవై బొమ్మలు పేర్చేది మనకేదో చెప్పడానికి కాదు, మనల్ని అక్కడే తిప్పుతూ కూర్చోబెట్టడానికి. వ్యవసాయం గొడవ మనకెందుకు అనుకునేవాళ్లు ఇంట్లో పాత డైరీ తీసి చూడండి. చంటిపిల్లాడి టీకాల పట్టికో, అమ్మమ్మ చెప్పిన జ్వరం మందో ఉంటుంది. దాన్ని మార్చి డాక్టరుగారు చెప్పింది ఇంకెక్కడో పేజీలో ఉంటుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం బాబాయ్‌గారు లెడ్జరు ముందేసుకుని కూర్చుంటారు. ఎర్ర సిరా కనిపించినచోటల్లా ఫోన్లో చదివి వినిపిస్తారు, నేను ముడి వేస్తాను. ఏడు పుస్తకాలయ్యాయి. మొన్న నాలుగో పుస్తకం మళ్లీ తిరగేస్తుంటే ఒక మార్జిన్లో ‘2వ పుస్తకం 118వ పేజీ చూడు’ అని కనిపించింది. తీరా చూస్తే రెండో పుస్తకంలో ఆ చుట్టుపక్కల పేజీలన్నీ చెదలు తినేశాయి. ‘‘లేని పేజీకి ముడి ఎలా వేస్తావురా?’’ అన్నారు.

వేశాం. శీర్షిక ఆయనకు గుర్తుంది: ‘కందిలో ఎండు తెగులు, 1983 అనుభవం’. దాని కింద ఖాళీ. ఆ ఏడు తాను పనిచేసిన ఊళ్లలో కంది వేసినవాళ్లెవరైనా చూసి, ఏం జరిగిందో చెబుతారేమోనని ఆయన చూస్తున్నారు.