మియా కవులు ఏ భాషలో రాయాలి?

దేశ రాజధానిలో భాషలను లెక్కపెట్టడం సులభం. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలున్నాయి. సాహిత్య అకాడమీ వాటికి ఇంగ్లీషును, రాజస్థానీని చేర్చి 24 భాషల రచయితలకు ఏటా బహుమతులు ప్రకటిస్తున్నది. ఈ జాబితాకు ఎక్కని పలుకుబడులలో కూడా కవిత్వం పుడుతుందన్న సంగతి ఢిల్లీకి ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసినప్పుడు సాహిత్య వార్తగా కాక, పోలీసు వార్తగా తెలుస్తుంది. అస్సాంలోని మియా కవుల విషయంలో జరిగింది ఇదే.

బ్రహ్మపుత్రా నది మధ్య ఏర్పడే ఇసుక లంకలను అక్కడ 'చర్' అంటారు. మన గోదావరి లంకల వంటివే అయినా, వరద వచ్చినప్పుడల్లా కోసుకుపోతూ చోటు మారే లంకలవి. బ్రిటిషు పాలనలో, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుంచి, మైమన్‌సింగ్ వంటి తూర్పు బెంగాల్ జిల్లాల ముస్లిం రైతులు వచ్చి ఈ నేలను సాగులోకి తెచ్చారు. హైదరాబాదులో 'మియా' అన్నది ఆప్యాయంగా పిలిచే పిలుపు. అస్సాంలో ఆ మాటే ఈ రైతు బిడ్డలకు తిట్టు; విదేశీయుడవన్న నింద. 2016 ఏప్రిల్‌లో హఫీజ్ అహ్మద్ అనే కవి ఆ తిట్టునే తన పేరుగా స్వీకరించి ఒక కవిత వెలువరించారు. పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ స్ఫూర్తి అందులో ఉన్నది. దానికి బదులుగా ఎందరో యువకులు కవితలు రాశారు. ఒక ఉద్యమం మొదలైంది.

ఈ గొంతు హఠాత్తుగా పుట్టినది కాదు. 1939లోనే మౌలానా బందే అలీ, తాను ఈ నేల బిడ్డనేనని కవిత చెప్పారు. 1983లో నెల్లి ఊచకోతలో, అధికార లెక్కల ప్రకారమే, 1,800 మందికి పైగా మరణించారు. ఆ తరువాత రెండేళ్లకు ఖబీర్ అహ్మద్ తన కవిత రాశారు. విన్నపంగా మొదలైన స్వరం 2016 నాటికి నిలదీసే స్వరంగా మారింది. మార్పు కవులలో ఎంత ఉన్నదో, కాలంలోనూ అంతే ఉన్నది. 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు గల్లంతయ్యాయి. వారిలో అన్ని వర్గాలవారూ ఉన్నారు.

ఆ జాబితాకు ముందు నెలలోనే, 2019 జూలైలో, గౌహతి పోలీసులు పదిమందిపై కేసు పెట్టారు. వారిలో అత్యధికులు కవులు. తమ కవిత్వంతో అస్సామీలను ప్రపంచం ముందు పరాయివారిని ద్వేషించేవారుగా చిత్రించారన్నది అభియోగం. వారు ముందస్తు బెయిలు కోసం హైకోర్టుకు పోవలసి వచ్చింది.

పోలీసుల అభియోగం కన్న ఆలోచించదగిన విమర్శ మరొకటి సాహిత్యలోకం నుంచి వచ్చింది. అస్సాంలో ఎంతో గౌరవం గల విమర్శకులు హీరెన్ గొహైన్, ఈ కవులు ప్రామాణిక అస్సామీలో కాక మాండలికంలో రాయడమేమని ప్రశ్నించారు. ఇది పెడచెవిన పెట్టదగిన ప్రశ్న కాదు. 1836 నుంచి 1873 వరకు అస్సాం కోర్టులలో, బడులలో బెంగాలీని రుద్దారు. ఆ గాయం నేటికీ మానలేదు. తమ భాష మైనారిటీ అయిపోతుందన్న భయం బూటకమనడం అన్యాయం.

కాని చరిత్రకు రెండవ పుట కూడా ఉన్నది. 1951 జనాభా లెక్కలలో చర్ ప్రాంతపు ముస్లింలు తమ మాతృభాష అస్సామీ అని పెద్ద సంఖ్యలో రాయించుకున్నారు. ఆ రాష్ట్రంలో అస్సామీకి లభించిన మెజారిటీలో వారి పాలు తక్కువది కాదు. ఇంట మాట్లాడే పలుకును వదులుకొని వారు ఇచ్చిన కానుక అది. ఆ తాతల మనుమలు తమ తల్లి పలుకులో నాలుగు పంక్తులు రాసుకుంటే భాషాద్రోహమెలా అవుతుంది? వారు అస్సామీని వదిలిపెట్టలేదు. ఆ భాషలోనూ రాస్తున్నారు, ఇంగ్లీషులోనూ రాస్తున్నారు. షలీం ఎం. హుస్సేన్ కవితా సంపుటి 'బీటిల్ నట్ సిటీ' ఇంగ్లీషులో వచ్చినదే. తోటివారి కవితలను అనువదించి వాటిని బయటి ప్రపంచానికి చేర్చిన కృషి కూడా ఆయనది.

మాండలికంలో కవిత్వమా అని వెక్కిరించిన కాలం తెలుగువారికి కొత్త కాదు. ఆ వెక్కిరింపును ఎదిరించిన కాళోజీ జన్మదినం సెప్టెంబరు 9 నేడు తెలంగాణ భాషా దినోత్సవం. కవులను నిందితుల బోనులో నిలబెట్టడం కూడా మనం ఎరుగుదుము. 1974లో బనాయించిన సికింద్రాబాదు కుట్ర కేసులో నిందితులైన విప్లవ కవులు నిర్దోషులుగా బయటపడటానికి 1989 వరకు పట్టింది. ఆ పదిహేనేళ్లను తిరిగి ఇచ్చేవారెవరు?

కేసుకు మిత్రుడు, విరోధి అన్న విచక్షణ లేదు. పౌరసత్వ బిల్లును వ్యతిరేకించినందుకు 2019 జనవరిలో అదే గౌహతిలో రాజద్రోహం కేసును ఎదుర్కొన్నవారు హీరెన్ గొహైనే. విమర్శకుడినీ, విమర్శకు గురైన కవులనూ ఆరు నెలల తేడాతో ఒకే పోలీసు వ్యవస్థ నిందితులను చేసింది. 2022 అక్టోబరులో గోల్‌పారా జిల్లాలో నాగలి, చేపలు పట్టే సరంజామా, లుంగీ, గమోసా పెట్టి నెలకొల్పిన 'మియా మ్యూజియం' కొద్ది రోజులలోనే మూతపడింది. నిర్వాహకులను అరెస్టు చేశారు. ప్రభుత్వ గృహనిర్మాణ పథకపు ఇంటిని అన్య ప్రయోజనానికి వాడారన్నది అధికారులు చూపిన కారణం. కారణం ఏదైనా, నాగలిని చూసి జడిసే స్థితి ఏ సమాజానికీ శోభనివ్వదు.

2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం అస్సామీకి ప్రాచీన భాష హోదా ప్రకటించింది. 2008లో తెలుగుకు ఆ గౌరవం దక్కినప్పుడు మనం సంతోషించాం. అస్సామీల సంతోషంలోనూ పాలు పంచుకుందాం. అంత ప్రాచీనమైన భాష లంకల మీది కొద్దిపాటి కవితలకు భయపడనక్కరలేదు. ఆ కవితలు నచ్చనివారు విమర్శ రాయవచ్చు, ఎదురు కవిత రాయవచ్చు. పోలీసు స్టేషనుకు మాత్రం పోనక్కరలేదు.

ఢిల్లీ చేయదగిన పని కూడా ఉన్నది. తాను గుర్తించని భాషలలో కృషి చేసినవారికి సాహిత్య అకాడమీ 1996 నుంచి 'భాషా సమ్మాన్' ఇస్తున్నది. షెడ్యూలులో లేని పలుకులను వినడానికి మార్గం ఉన్నదన్నమాట. ఆ చెవి బ్రహ్మపుత్రా లంకల వరకు సాగుతుందా అన్నదే ప్రశ్న. ఏ భాషలో రాయాలో కవి నిర్ణయించుకుంటాడు. నిలిచే కవిత్వమేదో పాఠకుడు తేలుస్తాడు. ఈ రెండు పనులలో దేనినీ ప్రజలు పోలీసులకు అప్పగించలేదు.