ఉన్నత పాఠశాల ఆంగ్లపాఠంలో పదసంపద, వ్యంగ్యం : ఒక పరిశీలన

ఉన్నత పాఠశాలల్లో ఆంగ్లబోధన నేడు ఎక్కువగా పదార్థబోధనగానే సాగుతున్నది. పాఠంలోని కఠినపదాలను నల్లబల్లపై వ్రాయడం, వాటి కెదురుగా తెలుగు అర్థాలను చేర్చడం, పరీక్షనాటికి వల్లింపజేయడం - ఇదే చాలాచోట్ల కనిపించే క్రమం. విద్యార్థికి ఈ విధంగా వందలకొలది పదాలు వస్తాయి. కాని ఆ పదాలతో ఒక రచయిత మెచ్చుకొంటున్నాడో, ఎత్తిపొడుస్తున్నాడో గుర్తించే శక్తి మాత్రం రాదు. పదసంపద పెంపొందించడం, వ్యంగ్యరచనను చదివించడం వేర్వేరు పనులనే భావన దీనికి మూలం. ఈ రెండూ ఒకే పని అనీ, ఆ పనిలో ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు ముఖ్యమైన పాత్ర ఉన్నదనీ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ విషయాన్ని చర్చించడానికి శ్రీకాకుళ, విజయనగర ప్రాంతాలకంటె తగిన చోటు లేదు. తెలుగులో ఆంగ్లపాఠాన్నే వ్యంగ్యానికి వస్తువుగా చేసిన మహానాటకం ఇక్కడ పుట్టింది. 1884లో విజయనగరం మహారాజావారి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరి, అనంతరం అక్కడి కళాశాలలో అధ్యాపకుడైన గురజాడ అప్పారావు ఆంగ్లపాఠాన్ని లోపలినుంచి ఎరిగినవాడు. తెలుగులో ప్రసిద్ధుడు కాకముందే, 1883లో, ఆంగ్లంలో 'సారంగధర' కావ్యాన్ని ప్రకటించినవాడు. 1897లో తొలికూర్పుగా వెలువడి, 1909లో బాగా పెరిగి రెండవ కూర్పుగా వచ్చిన 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం తల్లి యెదుట ఆంగ్లం మాట్లాడే ఘట్టం అందరికీ విదితమే. తల్లి వెంకమ్మ ముచ్చటపడి ఒకసారి ఆ భాష మాట్లాడి వినిపించమంటుంది. గురుశిష్యులు సంభాషణ జరుపుతున్నట్లే కనిపిస్తారు. గురువు నోట పసిపిల్లల పాట, మిల్టను కావ్యారంభానికి వికృతానుకరణ వెలువడతాయి. శిష్యుడి నోట రేఖాగణితంలోని ఒక వాక్యం, నామవాచకాల బహువచనసూత్రం వెలువడతాయి. ఒకరి మాటకు మరొకరి మాటతో ఏ సంబంధమూ లేదు.

ఈ ఘట్టాన్ని కేవలం నవ్వుకొని విడిచిపెట్టడం పరిపాటి అయింది. కాని ఇందులో ఒక విద్యావిమర్శ ఉన్నది. వెంకటేశం పలికినదంతా బడిలో చెప్పినదే. అందులో తప్పుగా చెప్పుకోదగినది తక్కువ. సూత్రం సూత్రమే, సిద్ధాంతం సిద్ధాంతమే. లోపించినది ఒక్కటే - ఎవరితో, ఎందుకు, ఏ సందర్భంలో ఆ మాట అంటున్నామన్న ఎరుక. పదాలు వచ్చి భాష రాకపోవడమంటే ఇదే. పైగా ఆ హాస్యం బాలుణ్ణి గురిచేసుకొన్నది కాదన్నది గమనింపదగిన విషయం. తన మాటలు వినడమే విద్య అని శిష్యుణ్ణి నమ్మించిన గిరీశం దానికి గురి. వేశ్యానిషేధాన్ని గూర్చీ, వితంతువివాహాన్ని గూర్చీ పెద్దపెద్ద ఆంగ్లపదాలను ఆడంబరంగా ప్రయోగిస్తూ, స్వప్రయోజనాన్ని ఆ పదాలచాటున దాచుకొన్నవాడు అతడు. పదసంపద ఉండి వివేకం లేని శ్రోతలు ఉన్నంతకాలం గిరీశాలకు కొరత ఉండదు.

అర్ధవిద్యావంతుణ్ణి పరిహసించడం సంస్కృతవాఙ్మయానికి కొత్తకాదు. పదకొండవ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు 'దేశోపదేశం'లో గౌడదేశంనుంచి కాశ్మీరానికి చదువుకోవచ్చిన ఛాత్రుణ్ణి చిత్రించాడు. అక్షరాలైనా సరిగా రాని ఆ ఛాత్రుడు భాష్యాన్నీ, తర్కాన్నీ, మీమాంసనూ ఆరంభిస్తాడు. పదిహేడవ శతాబ్దికి చెందిన నీలకంఠదీక్షితుడు 'కలివిడంబనం' ఆరంభంలోనే, ప్రతివాది మాట వినకుండా, అర్థం చేసుకోకుండా సభలో గెలిచే ఉపాయాలను ఉపదేశిస్తున్నట్లు నటించాడు. ఉపదేశరూపంలో ఉన్న ఆ మాటలను యథాతథంగా గ్రహించే విద్యార్థి ఉంటే అతనికి ఆ శ్లోకాల్లోని పదాలన్నీ తెలిసినా శ్లోకం తెలియనట్లే. గిరీశం ఈ పరంపరలోనివాడే.

ఇక ఆంగ్లతరగతి విషయం. వ్యంగ్యబోధనకు ప్రపంచమంతటా తరచుగా ఎన్నుకొనే రచన జోనాథన్ స్విఫ్ట్ 1729లో ప్రకటించిన 'ఎ మోడెస్ట్ ప్రపోజల్'. డబ్లిన్‌లో మఠాధిపతిస్థానంలో ఉన్న ఈ రచయిత, ఐర్లండులోని పేదల దుఃస్థితిని తొలగించడానికి, ఏడాది నిండిన వారి బిడ్డలను ధనికుల భోజనానికి అమ్మవలెనని సూచిస్తున్నట్లు వ్రాశాడు. లక్షా ఇరవైవేలమంది బిడ్డలని లెక్కగట్టి, అందులో ఇరవైవేలమందిని సంతతికోసం ఉంచి, తక్కిన లక్షమందిని అమ్మవచ్చునని గణికునివలె నిదానంగా చెప్పాడు. దీన్ని మొదటిసారి చదివిన విద్యార్థి ఎక్కడి విద్యార్థి అయినా విభ్రాంతుడవుతాడు. రచయితను క్రూరుడని నిందించేవారూ ఉంటారు.

ఇక్కడ పదజ్ఞానం ఎంత అవసరమో ఒక ఉదాహరణ చాలు. స్విఫ్ట్ పేదతల్లిని 'డామ్' అన్నాడు. వంశధార మీది గొట్టా బ్యారేజిని చూసిన శ్రీకాకుళ విద్యార్థికి డామ్ అంటే ఆనకట్టే. నిఘంటువులో మొదట కనిపించే అర్థమూ అదే. ఆ అర్థంతో వాక్యం పొసగదు. అది పశువుల విషయంలో 'ఈనిన తల్లి' అనే అర్థంలో వాడే మాట అని తెలిసిన క్షణంలో రచన అంతా మారిపోతుంది. స్త్రీలను 'బ్రీడర్లు' అనడం, శిశుదేహాన్ని పశుకళేబరానికి వాడే 'కార్కస్' అనే మాటతో చెప్పడం అప్పుడు అర్థమవుతుంది. పేదలను పశువులుగా లెక్కించే భూస్వాముల భాషను రచయిత తన నోట పలికిస్తున్నాడు. వ్యంగ్యం పశుల సంతలోని ఆ పదాలలోనే ఉన్నది. కనుక ఉన్నతపదజాలం రానివారికి వ్యంగ్యం అందదు. వ్యంగ్యం అందినవారికి ఆ పదాలు మరి మరపురావు. శీర్షికలోని 'మోడెస్ట్' అనే మాటకు 'వినయంతో కూడిన' అని అర్థం వ్రాసుకొన్న విద్యార్థి, రచన చదివిన తరువాత ఆ మాటను జన్మలో మరువడు.

విద్యార్థికి వ్యంగ్యం గ్రహించే శక్తి లేదని కొందరి పూర్వపక్షం. అది నిలువదు. బారెడు పొద్దెక్కినాక లేచిన మనుమణ్ణి చూసి అవ్వ 'ఎంత పెందరాళే లేచావు నాయనా' అంటే ఆ బాలుడు సిగ్గుపడతాడే గాని సంతోషించడు. ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, వెటకారం అని తెలుగులో ఇన్ని మాటలుండడం ఈ వ్యవహారం ఎంత సహజమో తెలుపుతుంది. ఇంటిలో గ్రహించగలిగినది ఆంగ్లపుటలో ఎందుకు గ్రహింపలేకపోతున్నాడన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం అలంకారశాస్త్రంలో సిద్ధంగా ఉన్నది. వ్యంజనకు సహకరించే విశేషాలను మమ్మటుడు కావ్యప్రకాశ తృతీయోల్లాసంలో పరిగణించాడు - వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం మొదలైనవి. అవ్వ మాటలో కాకువు, అంటే కంఠధ్వనిలోని మార్పు, అర్థాన్ని పట్టిస్తుంది. ముద్రితపుటలో కాకువు లేదు. అందువల్ల తక్కిన విశేషాలపై ఆధారపడవలసి వస్తుంది. వక్త ఎవరు, ఎవరిని ఉద్దేశించి చెప్పాడు, 1729 నాటి ఐర్లండులో భూమి ఎవరి చేతిలో ఉన్నది, ఏ ప్రస్తావంలో ఈ మాట వచ్చింది - వీటిని ఉపాధ్యాయుడు అందించకపోతే కాకువు కరవైన విద్యార్థికి వాచ్యార్థమే మిగులుతుంది. లోపం విద్యార్థి బుద్ధిలో లేదు, బోధనాక్రమంలో ఉన్నది.

ఇంతకంటె సూక్ష్మమైన పోలిక మరొకటి ఉన్నది. వాచ్యం విధిరూపంగా ఉంటే ప్రతీయమానం నిషేధరూపంగా, వాచ్యం నిషేధరూపంగా ఉంటే ప్రతీయమానం విధిరూపంగా ఉండవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక ప్రథమోద్ద్యోతంలో ఉదాహరించాడు. కుక్కను సింహం చంపింది గనుక నిర్భయంగా సంచరించమని ధార్మికునికి చెప్పే గాథ ప్రాచ్యవిద్యార్థులందరూ చదివినదే. స్విఫ్ట్ రచన ఈ రెండింటికీ లక్ష్యమే. బిడ్డలను అమ్మవలెననే విధి నిషేధంలో పర్యవసిస్తుంది. రచన చివరిభాగంలో, పరదేశంలో నివసించే భూస్వాములపై పన్ను వేయడం, స్వదేశవస్తువులనే వాడడం, రైతులపై దయ చూపడం వంటి ఉపాయాలను తనతో ప్రస్తావించవద్దని అతడు నిషేధిస్తాడు. ఆ నిషేధం విధిలో పర్యవసిస్తుంది. అతడు నిజంగా కోరినవి అవే. ధ్వనిసిద్ధాంతం చదివిన శిరోమణి విద్యార్థికి ఈ ఆంగ్లరచన ఒక్కరోజులో బోధపడుతుంది. ఆ సిద్ధాంతాన్ని ఎనిమిదో, తొమ్మిదో తరగతి విద్యార్థికి పారిభాషికపదాలు లేకుండా సులభంగా చెప్పడం అసాధ్యం కాదు.

పదసంపద విషయంలోనూ ప్రాచ్యపద్ధతి ఉపయోగపడుతుంది. అమరకోశం పదాలను వర్గాలుగా కూర్చింది. ఆంగ్లపదాలను అకారాదిపట్టికలుగా కాక, ఒకే భావానికి సంబంధించిన వర్గాలుగా కూర్చి, ప్రతిపదం పక్కనా అది ప్రశంసాసూచకమా, నిందాసూచకమా అని గుర్తింపజేయవచ్చు. 'థ్రిఫ్టీ', 'స్టింజీ' అనే రెండుమాటలూ తక్కువ ఖర్చుపెట్టేవానినే చెబుతాయి. తెలుగులో పొదుపరి, పిసినారి అన్న భేదం, సంస్కృతంలో మితవ్యయి, కృపణుడు అన్న భేదం అటువంటిదే. వాచ్యం దాదాపు ఒకటే అయినా వక్త హృదయం వేరు. మూడుభాషల్లో ఈ పోలికను చూపినప్పుడు ఆంగ్లపదం విద్యార్థికి పరాయిదిగా తోచదు. పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు రామమూర్తి సవరభాషను ఆ భాష మాట్లాడేవారినుంచే నేర్చుకొని, 1931లో దానికి వివరణగ్రంథం ప్రకటించాడు. భాష ప్రయోగంలో ఉంటుందన్న ఆయన నమ్మకం ఆంగ్లానికీ వర్తిస్తుంది.

వ్యంగ్యం నేర్పితే విద్యార్థులు పెద్దలను ధిక్కరిస్తారనేది మరొక పూర్వపక్షం. ఇందులో కొంత నిజమున్నది గాని, భయపడవలసినది వేరుచోట ఉన్నది. తరగతిగదిలో హాస్యం ఇప్పటికే ఉన్నది. ఇంట్లో ఎవరికీ ఆంగ్లం రాని పిల్లవాడు ఒక మాటను తప్పుగా పలికితే తరగతి అంతా నవ్వుతుంది. ఉత్తరాంధ్ర మాండలికాన్ని చలనచిత్రాల్లో నవ్వులాటకు వాడుకోవడం అలవాటైంది. ఆ మాండలికం మాట్లాడే పిల్లవాడే ఆ నవ్వులో పాలుపంచుకోవలసి రావడం విచారకరం. ఇది వ్యంగ్యం కాదు, అపహాస్యం. మహేంద్రవర్మ 'మత్తవిలాస' ప్రహసనం మొదలుకొని, శ్రీకాకుళంలో జన్మించిన రావిశాస్త్రి 'ఆరు సారా కథల' వరకు ఉత్తమమైన వ్యంగ్యం దంభాన్ని, అధికారాన్ని, అన్యాయాన్ని గురిచేసుకొన్నది గాని అశక్తుణ్ణి కాదు. వ్యంగ్యాన్ని శాస్త్రీయంగా నేర్చినవాడే అపహాస్యాన్ని గుర్తించి దానికి దూరంగా ఉండగలడు. నేర్పకపోతే అపహాస్యం ఒక్కటే మిగులుతుంది.

దీనికి ఆచరణలో పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. స్విఫ్ట్ రచనకు ముందు గురజాడ ఘట్టాన్ని ఆంగ్లతరగతిలోనే చదివించాలి. ఆ పూట తెలుగు లేక సంస్కృత అధ్యాపకుడు ఆంగ్లాధ్యాపకునితోపాటు తరగతికి రావాలి. ఆ తరువాత విద్యార్థులచేత ఎనిమిది, పది వాక్యాల వ్యంగ్యరచన చేయించాలి. ఊరిరోడ్డు గుంతల్లో వరినారు పోసి దిగుబడి పెంచవచ్చునని అధికారికి అతివినయంగా వ్రాసే విన్నపం వంటివి వారికి సులభంగా స్ఫురిస్తాయి. ఆ విన్నపానికి కావలసిన గంభీరమైన ఆంగ్లపదాలను వారే వెదుక్కొంటారు. వ్యక్తులను, శరీరలోపాలను, కులాన్ని, యాసను గురిచేయరాదన్న నియమం ఒక్కటి ముందుగా చెప్పాలి.

2019 నవంబరులో ప్రభుత్వపాఠశాలల్లో ఆంగ్లమాధ్యమానికై ఉత్తర్వు వెలువడడం, 2020 ఏప్రిల్‌లో ఉన్నతన్యాయస్థానం దాన్ని కొట్టివేయడం మొదలుకొని మాధ్యమాన్ని గూర్చిన వాదం చాలా జరిగింది. ఏ మాధ్యమమైనా, చదివినదాని అంతరార్థం గ్రహించడం ఎలా నేర్పాలన్న ప్రశ్న అలాగే ఉన్నది. అలంకారశాస్త్రాన్ని ప్రాచ్యకళాశాలల్లో పరీక్షావిషయంగా మాత్రమే నిలుపుకొంటే అది క్రమంగా సన్నగిల్లుతుంది. పక్కనున్న ఉన్నతపాఠశాల ఆంగ్లతరగతికి అది ఉపయోగపడితే శాస్త్రానికీ, పిల్లలకూ మేలు.

కొడుకు నోట ఆంగ్లం వినవలెనని వెంకమ్మ పడిన ఆశలో తప్పులేదు. ఈ జిల్లాల్లోని తల్లులకు నేడూ ఆ ఆశ ఉన్నది. వారికి గిరీశం వినిపించిన ఆంగ్లాన్నే మళ్లీ వినిపించకుండా ఉండడం ఉపాధ్యాయుల బాధ్యత.