పత్తి అమ్మాలంటే ఫోను చదువు కావాలా?
2025-26 సీజన్‌ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాటు తప్పనిసరి చేశారు. పొడుగు పింజ పత్తికి ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. తేమ 12 శాతం దాటితే కొనరని ఆదిలాబాద్ రైతుకు ఎరుకే. ఓటీపీ సంగతే తెల్వదు. ఆధార్‌కిచ్చిన నంబరు పాతదైతే అది ఎటో పోతది. నంబరు పట్నంల ఉన్న కొడుకుదైతే వాడు డ్యూటీ దిగేదాకా ఆగాలె.

రైతుకు తెలివి లేదనడం అన్యాయం. యాప్‌ల వివరణలు ఏ బటన్ నొక్కాలో చెప్తయి. నొక్కినా పని కాకుంటే ఎవరినడగాలో చెప్పవు. ఆ ముక్క పెద్దక్షరాల్లో రాసి, పత్తి ఏరకముందే రైతు వేదికల్లో అంటించాలె. మిల్లు గేటు కాడ అంటిస్తే ఏం లాభం? అప్పటికే బండి కిరాయి మీద పడ్డట్టే.